రెండు చాయ్‌లు ఎవరికి?

కాలేజీ పిల్లలు ఫోన్లో డబ్బులు ఎందుకు కడతారో కనుక్కోవడానికి హైటెక్ సిటీలో ఒక కంపెనీ మా సర్వే సంస్థను మూడు నెలలు పనిలో పెట్టుకుంది. ఆ కంపెనీ గేటు ఎదుట చాయ్ అమ్మే ఆయన్ని అడిగి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. నేను అడిగాను కూడా. "చిల్లర ఉండదు మేడం, గందుకే," అన్నాడాయన, గిన్నె దించుతూ. కానీ చాయ్ బండి మాట నివేదికలోకి ఎక్కదు. నివేదికంటే తొంభై పేజీలుండాలి, పేజీకో రంగుల బొమ్మ ఉండాలి, చదివినవాడికి తనకేమీ తెలియదన్న భయం పుట్టాలి.

నేను ముప్పై ఏళ్లు సర్వే పని చేశాను. సబ్బులు, టీపొడి, దోమల చుట్టలు, ఇన్సూరెన్సు, చివరికి ఈ ఫోను డబ్బులు. ఎండలో తిరిగి తిరిగి, తలుపు తీసినవాళ్ల మొహం చూసి వీళ్లు ఎన్ని ప్రశ్నల దాకా ఓర్చుకుంటారో చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు మీలో కొందరు ట్యాబులు పట్టుకుని అదే పనికి బయల్దేరుతున్నారు. మీకోసమే ఇది రాస్తున్నాను. పనికొచ్చే కిటుకు కోసం వెతక్కండి, లేదు. నేను చేసిన తప్పు ఒకటుంది, అది చెబుతాను.

ఆ సర్వేకు మేము ఇద్దరం పెద్దలం. నేను, ఖాజాగూడ ఆయన. ఆయన అక్కడే పుట్టి పెరిగినవాడు. తమ ఊరి బండల మీద మేకలు మేసిన చోట అద్దాల మేడలు లేవడం చూసినవాడు కావడం వల్ల కాబోలు, ఏ కంపెనీ మీదా ఆయనకు గౌరవం ఉండేది కాదు. వందమందిని అడిగి రమ్మంటే ఇరవైమందిని అడిగేవాడు. మిగతా ఎనభైమందినీ చెరువు పక్కన బండ మీద కూర్చుని, వేరుశెనక్కాయలు తింటూ తనే పుట్టించేవాడు. ఒక్కొక్కరికి ఒక ఊరు, ఒక కోర్సు, ఒక నాన్న ఉద్యోగం. ఫారాలు ఎంత శుభ్రంగా ఉండేవంటే మా యజమాని వాటిని కొత్తవాళ్లకు నమూనాగా చూపించేవాడు. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆయన పిల్లల పెళ్లిళ్లు కావాల్సి ఉంది. అదీగాక, నేను నిజంగా తిరుగుతున్నానన్న గర్వం నాకు ఆయన వల్లే దక్కేది.

కంపెనీ తరఫున మాతో మాట్లాడే కుర్రాడి హోదా ఏమిటో నాకు చివరిదాకా అర్థం కాలేదు. కార్డు మీద నాలుగు మాటలుండేవి, నాలుగూ ఇంగ్లీషే. అందరూ హెడ్ అనేవారు కాబట్టి నేనూ హెడ్ గారు అనేదాన్ని. ముప్పై ఏళ్లుంటాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ మీద రాస్తుండేవాడు. ఆ గోడ రాయడానికే చేశారట. వాళ్ల సమావేశపు గదులకు మసాలా దినుసుల పేర్లు. మా మొదటి సమావేశం దాల్చినచెక్కలో, రెండోది యాలకుల్లో జరిగింది.

ప్రశ్నాపత్రం ఆయనే ఇచ్చాడు. అరవై రెండు ప్రశ్నలు. ప్రతిదానికీ ఐదు గళ్లు: గట్టిగా అంగీకరిస్తాను దగ్గర మొదలై, ఏమాత్రం అంగీకరించను దాకా. తెలుగు చేసిన మహానుభావుడెవరో గానీ, ఒక ప్రశ్న ఇలా ఉంది: "ఆన్‌లైన్ చెల్లింపుల పట్ల నా సన్నిహితుల వైఖరి నా వినియోగ ఉద్దేశాన్ని ప్రభావితం చేస్తుంది."

గోపన్‌పల్లి పక్కనున్న పెద్ద క్యాంపస్‌లో మొదటి రోజు ఈ ప్రశ్న చదివితే ఒక అబ్బాయి నావైపు జాలిగా చూశాడు.

"ఏంది మేడం? ఇంకోసారి చెప్పుండ్రి."

పక్కనున్న ఖాజాగూడ ఆయన, ఆ రోజుకు నిజంగానే వచ్చాడు లెండి, అందుకున్నాడు. "మీ దోస్తులు ఫోన్ల కడుతున్నరని నువ్వు గూడ కడుతున్నవా అని అడుగుతున్నది మేడం."

"దోస్తులు యాడ కడ్తరన్నా, నాతోని కట్టిస్తరు," అన్నాడా అబ్బాయి.

ఆ జవాబుకు గడి లేదు. గట్టిగా అంగీకరిస్తాను దగ్గర టిక్కు పెట్టుకున్నాం.

అలా రెండు వారాలు. నాకు ఒక అలవాటుండేది. గడిలో పట్టని మాట వస్తే అంచున పెన్సిలుతో, వాళ్లన్నది అన్నట్టుగా రాసుకునేదాన్ని. ఒక్క అక్షరం మార్చేదాన్ని కాదు. మా సంస్థలో ఎవరూ అంత ఓపిగ్గా రాయరని పేరు. ఎవరూ వాటిని చదవరన్నది వేరే సంగతి.

మూడో వారంలో ఆ అమ్మాయి దొరికింది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం, ఊరు వికారాబాద్ దగ్గర, ఉండేది హాస్టల్లో, శనాదివారాలు లింగంపల్లిలో రైలెక్కి ఇంటికి పోతుంది. క్యాంటీన్ బయట సిమెంటు బల్ల మీద కూర్చుని జవాబులు చెప్పింది. నలభయ్యో ప్రశ్న దాకా అన్నీ గట్టిగా అంగీకరించింది. "నగదు వాడకం నాకు అసౌకర్యం" అన్న ప్రశ్న దగ్గర ఆగింది.

"లేదు మేడం. కొన్నిటికి నేను నోట్లే ఇస్త."

"వేటికమ్మా?"

"గిది గూడ రాస్తరా?"

"మీ పేరు ఎక్కడా ఉండదు. మీరు చెప్పింది నేను ఎవరికీ చెప్పను," అన్నాను. ఆ మాట ముప్పై ఏళ్లలో ఎన్ని వేల సార్లు అని ఉంటానో. నోటికొచ్చిన పాటలా వచ్చేస్తుంది.

అప్పుడు చెప్పింది. ఆమె బ్యాంకు ఖాతా పదో తరగతిలో తెరిచారు. అప్పుడు ఇంట్లో ఫోన్ అన్నకే ఉంది, కాబట్టి అన్న నంబరే ఇచ్చారు. ఆమెకు సొంత ఫోన్ వచ్చాక కూడా ఖాతాలో ఆ నంబరే ఉండిపోయింది. అన్న ఈ ఐటీ ఆఫీసుల దగ్గరే క్యాబ్ నడుపుతాడు. ఆమె ఎక్కడ ఏం కొన్నా బ్యాంకు మెసేజ్ ముందు ఆయన జేబులో మోగుతుంది.

"ఒకరోజు క్యాంటీన్ల చాయ్ తాగి కట్టిన మేడం. ఐదు నిమిషాలల్ల ఫోన్ చేసిండు. 'రెండు చాయ్‌లు ఎవరికే?' అన్నడు. పైసలు జూసి లెక్కగట్టిండు. రెండు గూడ నేనే తాగిన మేడం. పరీక్షుండె."

నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వింది. నవ్వాక ధైర్యం వచ్చినట్టుంది, గొంతు తగ్గించింది. శనివారం పొద్దున ఇంటికి పోయేముందు గోపన్‌పల్లిలో కారు నేర్చుకుంటోందట. అన్న డ్రైవరే, కానీ ఆడపిల్లకు స్టీరింగెందుకంటాడు. అందుకని డ్రైవింగ్ స్కూల్లో నోట్లిస్తుంది. ఆమె ఫోన్లో కట్టని వాటిలో ముఖ్యమైనది అదే.

అంచున అంతా రాసుకున్నాను. అన్న మాట మాత్రం అన్నది అన్నట్టే.

నెల తర్వాత నివేదిక సమర్పించే రోజు వచ్చింది. ఈసారి గది పేరు లవంగం. మా యజమాని టై కట్టుకొచ్చాడు. బొమ్మలన్నీ తెర మీద ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. ఉపయోగించడం సులభం కాబట్టి పిల్లలు ఉపయోగిస్తున్నారు. నమ్మకం ఉంది కాబట్టి నమ్ముతున్నారు. తోటివారి ప్రభావం తోటివారి వల్ల కలుగుతోంది. ఖాజాగూడ ఆయన చెరువు గట్టున పుట్టించిన పిల్లలు ఎక్కడా తడబడకుండా వరుసగా అంగీకరించారు. అయినా హెడ్ గారు ఆవులించాడు. పక్కనున్న అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చీరలు చూసుకుంటోంది.

"ఇవన్నీ మాకు తెలిసినవే కదా," అన్నాడు హెడ్ గారు. "ఏదైనా కొత్త ఇన్‌సైట్ ఉందా? ఫీల్డ్‌కి వెళ్లింది ఎవరు? ఆంటీ, మీరేనా? మీరు చెప్పండి."

ముప్పై ఏళ్లలో అద్దాల గదిలో నన్ను మాట్లాడమన్నవాళ్లు లేరు. ఫారాలు తెచ్చిచ్చి బయట బెంచీ మీద కూర్చోవడమే నాకు తెలుసు. లేచి నిలబడ్డాను. చెప్పాను. వికారాబాద్ రైలు చెప్పాను, క్యాబ్ నడిపే అన్నను చెప్పాను, కారు క్లాసు చెప్పాను. ఆ చాయ్ మాట అన్నదన్నట్టుగా, అన్న గొంతులో చెప్పాను. గది గదంతా నవ్వింది. చీరలు చూసే అమ్మాయి ల్యాప్‌టాప్ మూసింది. హెడ్ గారు గోడ మీద పెద్ద అక్షరాలతో ఏదో రాసి చుట్టూ గీత గీశాడు.

"పేరు మాత్రం చెప్పలేదండి," అన్నాను కూర్చుంటూ. పేరు చెప్పకపోవడమే నిజాయితీ అని నా లెక్క.

"సూపర్ ఆంటీ," అన్నాడు. ఆ రోజు వాళ్ల క్యాంటీన్‌లో భోజనం పెట్టారు. ఇంటికొచ్చి మావారికి రెండుసార్లు చెప్పుకున్నాను.

రెండు నెలలకు ఆ కంపెనీ యాప్‌లో కొత్త సదుపాయం వచ్చింది. అందులో విడిగా కొంత డబ్బు వేసుకుంటే, దాంతో కొన్న వాటికి బ్యాంకు మెసేజ్ ఎవరికీ పోదు. దాని ప్రకటన బస్టాపుల్లో, మెట్రో స్తంభాల మీద, క్యాబుల వెనక అద్దాల మీద ఎక్కింది. స్టీరింగ్ పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. వెనక, ఫోన్ చూస్తూ జుట్టు పీక్కుంటున్న క్యాబ్ డ్రైవరు. పైన ఇంతింత అక్షరాలతో: "రెండు చాయ్‌లు ఎవరికే?" కింద చిన్నగా: "అన్నకు తెలియదు. వికారాబాద్ రైలుకూ తెలియదు."

నేను మొదట చూసింది లింగంపల్లి స్టేషన్ బయట. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. నేను తెచ్చిన మాట గోడకెక్కిందనుకున్నాను.

తర్వాతి సోమవారం ఆ అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. లింగంపల్లిలో మిఠాయి దుకాణం పైన మా ఆఫీసు. సర్వే అయ్యాక అందరికీ ఇచ్చే చీటీ మీద ఆ చిరునామా ఉంటుంది. ఏవైనా సందేహాలుంటే సంప్రదించండి అని. ఇన్నేళ్లలో ఆ చీటీ పట్టుకుని వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అన్న మాట గోడ మీద ఎట్లొచ్చింది మేడం?"

జరిగింది ఆమే చెప్పింది. క్యాబ్ స్టాండులో అన్న ముందు నిలబడ్డ బండి వెనకే ఆ బొమ్మ ఉంది. పక్క డ్రైవర్లు పైకి చదివి, "వికారాబాదట, అన్న క్యాబట, నీ కథనే ఉన్నట్టుంది గద భాయ్," అన్నారట. ఊరు కలిసింది, పని కలిసింది. అంతవరకైతే వేరే ఎవరో అనుకోవచ్చు. కానీ ఆ మాట ఆయన నోటిది. ఎవరి మాట వాళ్లకు తెలియకుండా ఉంటుందా. రాత్రికి హాస్టల్‌కు వచ్చాడు. అరవలేదు. "ఇంకెంతమందికి చెప్పినవ్?" అని మాత్రం అడిగాడు. కారు క్లాసు సంగతి బొమ్మే చెప్పేసింది. నెలాఖరుకు హాస్టల్ ఖాళీ చేసి, రోజూ ఇంటినుంచే రైల్లో రావాలని తేల్చాడు.

"మీరు ఎవరికి చెప్పనన్నరు," అంది.

"పేరు చెప్పలేదమ్మా."

"నా పేరు తప్ప అంత చెప్పిండ్రు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి తేలికపడేదాన్నేమో. "గా బొమ్మ తీపియ్యుండ్రి," అని, తన నంబరు బల్ల మీద కాగితంపై రాసిపెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఖాజాగూడ ఆయన మూలన కూర్చుని అంతా విన్నాడు. ఫారాలు సర్దుతూ అన్నాడు. "నేను రాసిన పిల్లలకు ఇంతవరకు ఎవ్వరికి ఏం కాలే మేడం. మీరు నిజమైన పిల్లను పట్టుకపోయి వాళ్ల చేతుల పెట్టిండ్రు."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

హెడ్ గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి గదిలోకి కూడా పిలవలేదు, లిఫ్టు దగ్గరే నిలబడి మాట్లాడాడు. "ఆంటీ, ఆ క్యాంపెయిన్ చాలా బాగా నడుస్తోంది. ఇది వేల మంది అమ్మాయిల కథ. ఆ ఒక్క అమ్మాయిదే అని ఎలా చెప్పగలం? ఇన్‌ఫాక్ట్, తను ప్రౌడ్‌గా ఫీలవ్వాలి." ఆడపిల్లల స్వేచ్ఛ గురించి ఇంకో రెండు మాటలు చెప్పి లిఫ్టు ఎక్కాడు. ఆ స్వేచ్ఛ వల్ల ఒక ఆడపిల్ల హాస్టల్ పోయిందన్న మాట లిఫ్టు తలుపులకు చెప్పాల్సి వచ్చింది.

దారి చూపింది మళ్లీ ఖాజాగూడ ఆయనే. "ఫారం మీద మొదటి లైను చదువుండ్రి మేడం," అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇలాంటి ఫారాలు నింపుతున్నాను, మొదటి లైను ఎప్పుడూ చదవలేదు. తనే అన్నీ నింపుకునేవాడు కాబట్టి ఆయనకు కంఠతా వచ్చు. "మీరిచ్చిన సమాచారం గోప్యంగా ఉంచబడుతుంది, సమష్టి విశ్లేషణకు మాత్రమే వాడబడుతుంది." కింద కంపెనీ గుర్తు. దాని కింద నా సంతకం.

గోదాములో అట్టపెట్టెలన్నీ దింపి ఆ ఫారం వెతికాను. ఒక్కటి తప్ప గళ్లన్నీ వరుసగా గట్టిగా అంగీకరించి ఉన్నాయి. ఆ గళ్లు చూస్తే ఆమెకు అన్న ఉన్నాడని కూడా తెలియదు. అసలు మనిషంతా అంచున పెన్సిల్లో ఉంది. దాని జిరాక్సు తీసి, ఒక ఉత్తరం రాసి, కంపెనీ న్యాయ విభాగానికి నా చేతులతో ఇచ్చాను. ఈ మాట ఇచ్చింది మీ గుర్తు కింద, తప్పింది నేనూ మీరూ, ఆ అమ్మాయి వినియోగదారుల ఫోరానికి వెళితే నేనే సాక్షిని, అని. మా యజమాని ఆ రాత్రే ఫోన్ చేశాడు. ఆయన మాటలు రాయడానికి బాగుండవు.

వారంలో బొమ్మ దిగింది. ఆ వెంటనే కొత్తది ఎక్కింది. డ్రైవరు పోయి కళ్లద్దాల పెద్దమనిషి వచ్చాడు, అన్న పోయి నాన్న వచ్చాడు, చాయ్‌ల బదులు సమోసాలు పెట్టారు. మా సంస్థకు ఆ కంపెనీ మళ్లీ పని ఇవ్వలేదు. నా రిటైర్మెంటుకు ఇంకా ఆరు నెలలుండగానే మా యజమాని నాకు శాలువా కప్పాడు.

కానీ అంతకుముందు ఇంకో పని చేశాను. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "మీ అన్నతో నేను మాట్లాడనా?" అని అడిగాను. "మాట్లాడితే మాట్లాడుండ్రి. ఇంక పోయేదేముంది," అంది.

హైటెక్ సిటీలో ఒక టెక్ పార్కు గోడ పక్కన క్యాబులు వరుసగా ఆగే చోటికి మధ్యాహ్నం వెళ్లాను. సన్నగా ఉన్నాడు, చొక్కా ఇస్త్రీ నలగలేదు. బండి దిగి, నేను పెద్దదాన్నని నీడలోకి రమ్మన్నాడు. చెప్పాను. చెల్లెలి తప్పేమీ లేదని, అడిగింది నేను, చెప్పింది నేను అని.

గుడ్డ తీసి బండి అద్దం తుడిచాడు.

"నేను రోజు అడుగుత మేడం. ఏడున్నవ్, తిన్నవా, ఎవరితోనున్నవ్ అని. ఒక్కరోజు గూడ సక్కగ చెప్పదు. మీకు అద్దగంటల అంత చెప్పింది. గట్లెట్ల?"

"నేను ఎవరికీ చెప్పనని మాట ఇచ్చానండి. అందుకు చెప్పింది."

"మరి చెప్పిండ్రు గద."

"చెప్పాను."

అతను తల ఊపాడు. అందులో కోపం లేదు. ఇద్దరం ఒకే తరగతిలో తప్పినట్టు చూశాడు. అంతలో అతని జేబులో మెసేజ్ మోగింది. అవతలి బండిలోంచి ఎవరో అరిచారు, "ఏం భాయ్, ఇయ్యాల ఎన్ని చాయ్‌లు?" నలుగురైదుగురు నవ్వారు. బొమ్మ దిగి పది రోజులైంది, నవ్వు దిగలేదు. అతను ఫోన్ తీసి చూడకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మొహం మెడ దాకా ఎర్రబడింది.

ఆ తర్వాతి వారం చెల్లెల్ని తనే బ్యాంకుకు తీసుకెళ్లి నంబరు మార్పించాడు. అతని మనసు మారిందని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. స్టాండులో ఆ మోత భరించలేక మార్పించాడు, అంతే. హాస్టల్ మాత్రం మళ్లీ ఇప్పించలేదు. మిగతా చదువంతా ఆమె రైల్లోనే సాగించింది.

పోయిన సంవత్సరం లింగంపల్లి స్టేషన్ మెట్ల మీద ఎదురైంది. మెడలో ఏదో కంపెనీ కార్డు తాడు వేలాడుతోంది. నేనే పలకరించాను. ఉద్యోగం వచ్చిందని, అన్నకు పెళ్లయిందని చెప్పింది. పక్క బండి దగ్గర జామకాయలు కొని ఫోన్లో డబ్బు కట్టింది. వెనక్కి చూసుకోకుండా, ఎవరైనా కట్టినట్టే కట్టింది. తొంభై పేజీల నివేదిక దేని గురించో నాకు అప్పుడు తెలిసింది. మన డబ్బు మనం ఖర్చు పెట్టుకుంటే ఇంకొకరి జేబు మోగకూడదు. పిల్లలకు కావలసింది అదే. దానికి గడి పెట్టలేదు మేము.

నోరు ఊరుకోదు కదా, అడిగాను.

"కారు నేర్చుకోవడం పూర్తయిందా అమ్మా?"

ఆమె ఒక జామకాయ నా చేతిలో పెట్టింది. మర్యాదగా నవ్వింది.

"గదైతే మీకు చెప్పను మేడం," అంది. రైలు కూత వినపడితే మెట్లెక్కి వెళ్లిపోయింది.